మూత్రాశయంలో 8 మి.మీ. రాయి, 6 రోజుల్లో ఆపరేషన్: ఈలోపు గినీ పిగ్‌ని ఎలా చూసుకోవాలి?

గడ్డిమోపు:

ఎవరో వదిలేస్తే తెచ్చిన ఆడ గినీ పిగ్. వయసు రెండు మూడేళ్లు ఉండొచ్చని డాక్టర్ అంచనా. వచ్చిన రోజు తూకం 790 గ్రాములు. 9 రోజులయింది, ఇవాళ 720. మూత్రం పోసేటప్పుడు సన్నగా కీచుమంటోంది, కింద పరిచిన గుడ్డ మీద ఎర్రటి మరకలు పడుతున్నాయి. ఎక్స్‌రేలో మూత్రాశయంలో 8 మి.మీ. రాయి ఒకటి కనిపించింది. ఆపరేషన్ 6 రోజుల తర్వాత. ఆకుకూర తింటోంది కానీ ఎండుగడ్డి సగానికి సగం తగ్గించేసింది. పెంటికలు చిన్నవిగా వస్తున్నాయి.

నా సందేహాలు ఇవి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని రిసెప్షన్‌లో చెప్పారు, అది సరేనా? ఇన్ఫెక్షన్‌కి అమాక్సిసిలిన్ సిరప్ రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు, ఎంత వేయాలో చీటీ మీద మిల్లీలీటర్లలో మాత్రమే ఉంది. సిరంజితో తినిపించడం ఇప్పుడే మొదలుపెట్టాలా? దీనికి తోడుగా ఇంకో ఆడ గినీ పిగ్ ఉంది, రెండింటినీ విడదీయాలా?


తోకలేనిది:

మిగతావన్నీ తర్వాత. ఆ అమాక్సిసిలిన్ సీసా మూత తీయకండి.

గినీ పిగ్ తిన్న గడ్డిని అరిగించేది దాని పొట్టలోని ఆమ్లం కాదు, సీకం అనే పెద్ద సంచిలో ఉండే సూక్ష్మజీవులు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వెళితే అక్కడి మంచి బాక్టీరియా చచ్చిపోతుంది, ఆ ఖాళీలో క్లోస్ట్రీడియం అనే చెడు బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. కొద్ది రోజుల్లోనే నీళ్ల విరేచనాలు, ఒళ్లు చల్లబడటం, చావు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, సెఫాలోస్పోరిన్లు అన్నీ ఈ జాబితాలోవే. పుండు మీద రాసే ఆయింట్‌మెంట్‌లో బాసిట్రాసిన్ ఉన్నా అంతే, నాకి మింగేస్తుంది కాబట్టి. కుక్కకీ పిల్లికీ రోజూ రాసే మందులు కావడంతో చెయ్యి అలవాటుగా అటే వెళ్తుంది.

గినీ పిగ్‌కి మామూలుగా వాడేవి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌-సల్ఫా. డాక్టర్‌కి ఫోన్ చేసి "ఇది నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ కదా, వేరేది మార్చగలరా" అని అడగండి. ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్ చర్మం కింద అలాగే పొడిస్తే ఆ చోట చర్మం మాడిపోయి ఊడొచ్చే ప్రమాదం ఉంది, నోటి ద్వారా ఇచ్చే రూపమే మేలు. ఎవరైనా ఇప్పటికే ఒక డోసు అమాక్సిసిలిన్ వేసేసి ఉంటే రెండోది ఆపి, పెంటికలు మెత్తబడుతున్నాయేమో గమనిస్తూ అప్పుడే డాక్టర్‌కి చెప్పాలి, మర్నాటి దాకా ఆగకూడదు.

ఇక ఉపవాసం. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచే పద్ధతి వాంతి చేసుకునే జంతువుల కోసం. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు. రాత్రంతా గడ్డి ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, దాని మీద మత్తు, దాని మీద నొప్పి. ఆపరేషన్ బాగానే జరిగి రెండో రోజు పేగులు నిలిచిపోయి పోయిన జంతువులు ఉన్నాయి. గడ్డీ నీళ్లూ ఆస్పత్రికి వెళ్లేదాకా, పెట్టెలో కూడా ఉండాలి.


సిరంజి శాస్త్రి:

ఉపవాసం మాటలో ఒక చిన్న సవరణ. కొందరు డాక్టర్లు మత్తుకి ముందు అరగంట నుంచి గంట దాకా తిండి తీసేయమంటారు. అది కడుపు కోసం కాదు, నోటి కోసం. గినీ పిగ్ నములుతున్న గడ్డిని బుగ్గల్లో వెనక్కి పెట్టుకుంటుంది. దీని గొంతులో మెత్తటి అంగిలి నాలుక మొదలుకి అతుక్కుని ఉంటుంది, మధ్యలో చిన్న రంధ్రం మాత్రమే దారి. మత్తులో ఆ నమిలిన ముద్ద జారి ఊపిరి గొట్టంలోకి పోతే అంతే సంగతులు. ఆ రంధ్రం వల్లే కుక్కకి పెట్టినంత తేలిగ్గా దీనికి శ్వాస గొట్టం పెట్టలేరు కూడా, చాలాచోట్ల మాస్క్ మీదే నడుపుతారు. అందుకని గంట లోపు ఆపమంటే ఒప్పుకోండి, ఆరు గంటలంటే ఎందుకని అడగండి. ఎలాగూ మత్తు ఇచ్చే ముందు నోరు సిరంజి నీళ్లతో కడుగుతారా అని అడగడం ముఖ్యం. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి ఆ ఆస్పత్రికి ఈ జంతువుతో ఎంత అలవాటుందో తెలిసిపోతుంది.

మెలాక్సికామ్ సంగతి. సీసా మీద మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అని చూడండి. మామూలుగా రెండు రకాలు దొరుకుతాయి: 1.5 మి.గ్రా./మి.లీ. ఒకటి, 0.5 మి.గ్రా./మి.లీ. ఇంకొకటి. కిలోకి 0.5 మి.గ్రా. లెక్కన డాక్టర్ రాశారనుకుందాం, 720 గ్రాములకి 0.36 మి.గ్రా. అది గట్టి మందులో 0.24 మి.లీ., పల్చని దాంట్లో 0.72 మి.లీ. సీసా మారిపోయి అదే మి.లీ. గీత దాకా లాగితే మోతాదు మూడింతలో, మూడో వంతో అవుతుంది. చీటీ మీద మి.గ్రా. కూడా రాయించుకోండి. ఎంత ఇవ్వాలో నిర్ణయించేది మాత్రం డాక్టరే. నీళ్లు సరిగ్గా తాగని జంతువుకి ఈ మందు కిడ్నీల మీద భారం, కాబట్టి తాగుడు తగ్గిందా లేదా అన్నది ఆయనకి చెప్పాలి.

తినిపించడం ఇప్పుడే మొదలుపెట్టండి, ఆపరేషన్ దాకా ఆగొద్దు. 790 నుంచి 720 అంటే దాదాపు 9 శాతం పోయింది. 10 శాతం దాటితే అత్యవసరంగానే చూడాలి, మీకు ఆ గీత 711 దగ్గర ఉంది. రోజూ ఒకే వేళకి, పొద్దున పెట్టేదానికి ముందు, వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేసి తూచండి. 10, 20 గ్రాములు అటూ ఇటూ అవడం మూత్రం వల్లా తిండి వల్లా మామూలే. వరసగా మూడు రోజులు కిందికే వెళ్తే అది మామూలు కాదు.

శాకాహార జంతువులకని పొడి రూపంలో వచ్చే రికవరీ ఆహారం, అదీ పీచు ఎక్కువ ఉన్నది, వాడండి. అసలేమీ తినని గినీ పిగ్‌కి రోజుకి కిలోకి 50 నుంచి 80 మి.లీ. కలిపిన ఆహారం, అంటే మీదానికి 36 నుంచి 58 మి.లీ. ఇప్పుడు సగం తింటోంది కాబట్టి 20 నుంచి 30తో మొదలుపెట్టి తూకం చూసి పెంచండి. పొడి దొరకని రాత్రి మీరు ఇచ్చే గుళికల దాణానే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చేసి, జల్లెడ పట్టి వాడొచ్చు. పళ్ల రసాలూ పెరుగూ వద్దు, పీచు లేని తీపి ఆ సీకంలో పులిసి గ్యాస్ అవుతుంది.

ఎలా పెట్టాలంటే: తువ్వాలులో వదులుగా చుట్టి ఒడిలో నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టండి, వెల్లకిలా వేయకూడదు. 1 మి.లీ. సిరంజి కొస కోసి, అంచు నున్నగా చేయండి, లేకపోతే చిగుళ్లు గీరుకుంటాయి. ముందు పళ్ల వెనకాల పక్కనుంచి ఖాళీ ఉంటుంది, అక్కడి నుంచి అడ్డంగా దవడ పళ్ల వైపు పెట్టి 0.3 నుంచి 0.5 మి.లీ. వదలండి. నమలడం కనిపించాలి, మింగాలి, అప్పుడే తర్వాతిది. ఎదురుగా గొంతు వైపు గట్టిగా నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కులోంచి ఆహారం వస్తే ఆపి తల కిందికి వంచండి. ఒక్కో విడత 6 నుంచి 10 మి.లీ., మూడు నాలుగు గంటలకోసారి, ఆ రోజు లెక్క పూర్తయ్యేదాకా. పావుగంటలో కావాలని తొందరపెడితే కుదరదు, మొదట్లో అరగంట పడుతుంది. సగం మీ చొక్కా మీదకే వస్తుంది, ఆ సగాన్ని లెక్కలోంచి తీసేయండి!


ముక్కుపుడక:

రెండు మూడు విషయాలు ఎవరూ చెప్పలేదు.

వదిలేసిన చోటు నుంచి తెచ్చిన ఆడది, మగవాటితో కలిసి ఉందో లేదో తెలీదు. గినీ పిగ్ చూలు 59 నుంచి 72 రోజులు, మొదటి నెలలో బయటికి పెద్దగా తెలీదు. ఆపరేషన్ ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. చూలు ఉందో తెలుస్తుంది, అండాశయాల్లో తిత్తులున్నాయో తెలుస్తుంది. ఎర్ర మరక మూత్రాశయం నుంచా గర్భాశయం నుంచా అన్న ప్రశ్నకి ఎక్స్‌రే జవాబు చెప్పదు. రాయీ తిత్తీ రెండూ ఉంటే ఒకే మత్తులో చూసుకోవచ్చా లేదా అన్నది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, బల్ల మీద తేల్చుకునేది కాదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఇంకో ఎక్స్‌రే అడగండి. ఆరు రోజుల్లో రాయి కదలొచ్చు. ఆడవాటిలో చిన్న రాళ్లు వాటంతటవే బయటికి వచ్చేయడం, మత్తులో మూత్రద్వారం నుంచే లాగేయడం జరుగుతాయి. 8 మి.మీ. రాయి అలా వస్తుందని ఆశ పెట్టుకోలేం కానీ, జారి మూత్రనాళంలో ఇరుక్కుంటే కోత పెట్టే చోటే మారిపోతుంది.

ఈ ఆరు రోజుల్లో దేన్ని చూసి పరుగెత్తాలో గుర్తుంచుకోండి: ముక్కుతూ ఒక్క చుక్కా రాకపోవడం, గుడ్డ 10-12 గంటలు పొడిగా ఉండటం, పొట్ట కింద గట్టిగా ఉబ్బడం, ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుని ముడుచుకుని కూర్చోవడం. ఇందులో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ మర్చిపోయి అప్పుడే తీసుకెళ్లాలి. మూత్రం ఆగిపోయిన జంతువుకి గంటలే ఉంటాయి, రోజులు కావు. తెల్లటి గుడ్డ పరిస్తే ఎర్రదనం, తడి రెండూ బాగా తెలుస్తాయి.

రెండోదాన్ని పూర్తిగా విడదీయొద్దు, తోడు లేకపోతే తిండి ఇంకా తగ్గుతుంది. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి. ఎవరి పెంటికలు ఎన్నో, ఎవరి మూత్రంలో రక్తమో అప్పుడే తెలుస్తుంది. ఆస్పత్రికి కూడా వెంట తీసుకెళ్లండి, తిరిగొచ్చాక వాసన మారి కొట్టుకోకుండా ఉంటాయి. ఒకవేళ కొత్తదానికి గోకుడూ, వీపు మీద బొచ్చు ఊడటం ఉంటే గజ్జి పురుగులకి ముందు మందు పడాలి, తర్వాతే పక్కన పెట్టడం.


తోకలేనిది:

ప్రమాదం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో చేసి 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మత్తుకి సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39, గినీ పిగ్స్‌లో 3.80 శాతం. ఆ తేడాకి ఒక కారణం ఈ చిన్న ఒంటికి వేడి, రక్తం, ఊపిరి దేనిలోనూ నిల్వ ఉండకపోవడం. 720 గ్రాముల జంతువులో రక్తం సుమారు 50 మి.లీ. మాత్రమే. 5 మి.లీ. పోతే పదో వంతు పోయినట్టు.

కాబట్టి డాక్టర్‌ని అడగాల్సింది: బల్ల మీద వెచ్చదనం దేనితో ఇస్తారు, ఉష్ణోగ్రత ఎన్ని నిమిషాలకోసారి చూస్తారు? మామూలు ఉష్ణోగ్రత 37.2 నుంచి 39.5 డిగ్రీలు, ఒంటి మీద బొచ్చు గొరిగి, తడి చేసి, పొట్ట తెరిస్తే నిమిషాల్లో పడిపోతుంది. కుట్లు చర్మం లోపలి పొరలో వేస్తారా? బయటికి కనిపించే దారం ఉంటే కొరుకుతుంది. మెడకి కాలర్ వేయకపోతేనే మంచిది, కాలర్‌తో పడుకోలేదు, సీకం నుంచి వచ్చే మెత్తటి పెంటికల్ని తిరిగి నోటితో అందుకోలేదు, తిండి మానేస్తుంది. లేచాక ఎవరు చూస్తారు, ఎంతసేపు? బయటికి తీసిన రాయిని పరీక్షకి పంపండి. చాలా వరకు కాల్షియం కార్బొనేట్ అవుతుంది.


గడ్డిమోపు:

అందరికీ ధన్యవాదాలు. మందు మార్చారు, ఉపవాసం మాట వెనక్కి తీసుకున్నారు. అల్ట్రాసౌండ్‌లో చూలు లేదు, ఎడమ అండాశయంలో చిన్న తిత్తి ఉంది, అది ఇప్పుడు ముట్టుకోవద్దన్నారు. ఆపరేషన్ నిన్న సాయంత్రం అయిపోయింది, రాయి ఒక్కటే. ఇప్పటికి 18 గంటలు. రాత్రి నుంచి 9 పెంటికలు, చిన్నవి, కొసలు మొనతేలి ఉన్నాయి. సిరంజితో పెడితే 4 మి.లీ. దాటి తీసుకోవడం లేదు, గడ్డి ముట్టుకోలేదు. మూత్రం గులాబీ రంగులో ఉంది. తూకం 698. ఇది మామూలేనా?


సిరంజి శాస్త్రి:

గులాబీ రంగు మొదటి రెండు మూడు రోజులు ఉండొచ్చు. గడ్డలుగా రక్తం రావడం, మళ్లీ ముక్కడం ఉంటే ఫోన్ చేయండి. పెంటికలు 9 అనేది తక్కువ, మొన తేలడం పేగులు నెమ్మదించాయని చెబుతోంది. కానీ వస్తున్నాయి, అది ముఖ్యం. ఇక్కడ మొదట నొప్పి, తర్వాతే తిండి. వెంట ఇచ్చిన నొప్పి మందు ఏంటో చూడండి. బ్యుప్రెనార్ఫిన్ అయితే 6 నుంచి 8 గంటల్లో తగ్గిపోతుంది, రాత్రి 12కి ఇచ్చింది పొద్దున 8కి పనిచేయదు. పళ్లు నూరడం, ముడుచుకుని కూర్చుని కళ్లు సగం మూయడం, దగ్గరికి వెళ్తే పక్కకి తిరగడం ఉంటే మందు మధ్య ఖాళీ పడిందని అర్థం. "రెండు డోసుల మధ్య ఎన్ని గంటలు, మెలాక్సికామ్‌తో కలిపి ఇవ్వొచ్చా" అని ఇప్పుడే అడగండి.

మందు వేసి 30, 40 నిమిషాలు ఆగి తినిపించండి. 4 మి.లీ. చాలు, కానీ రెండు గంటలకోసారి. అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేవాలి, రాత్రి ఎనిమిది గంటల విరామం ఇప్పుడు కుదరదు. ఆహారానికి ఐదు నిమిషాల ముందు సిరంజితో రెండు మూడు మి.లీ. నీళ్లు ఇస్తే నోరు తడిసి తేలిగ్గా మింగుతుంది. గడ్డి తినకపోయినా ముక్కు ముందు పెట్టండి, కొత్తిమీర కాడలు రెండు పక్కన పెట్టండి. మొదట తానే నమిలేది అవే కావచ్చు.

పొట్ట మీద మెత్తగా చెయ్యి వేసి చూడండి. వదులుగా ఉంటే పర్లేదు. డోలు చర్మంలా బిగిసి ఉంటే గ్యాస్. అప్పుడు తినిపించడం ఆపి, పేగుల కదలిక మందు మొదలుపెట్టే ముందు ఎక్స్‌రే తీయాలి. ఎక్కడైనా అడ్డు ఉంటే ఆ మందు హాని చేస్తుంది.


ముక్కుపుడక:

గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచండి. పెట్టెలో సగం వైపు మాత్రమే కింద వేడి, గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా అయినా సరే. రెండో సగం చల్లగా ఉండాలి, ఎక్కువైతే లేచి అటు వెళ్లాలి కదా. గది 27, 28 దాటితే వడదెబ్బ ప్రమాదం. రంపపు పొట్టు తీసేసి మెత్తటి ఫ్లీస్ గుడ్డ పరిచి రోజుకి రెండుసార్లు మార్చండి, పొట్టు కుట్లలోకి దూరుతుంది. గడ్డిని ఊచల గూటిలో పెట్టండి, కింద పోయకండి. మెట్లూ రెండో అంతస్తూ వారం పాటు వద్దు.

కోత చోటు రోజుకోసారి చూడండి: కొద్దిగా వాపు, ఎరుపు సహజం. గినీ పిగ్ చీము జారదు, జున్నులా గట్టిగా ఉంటుంది, అందుకని "కారడం లేదు" అని ధైర్యపడొద్దు. గట్టి గడ్డలా తగిలినా, మొన్నటికంటే వేడిగా ఉన్నా చూపించాలి.

విటమిన్ సి మర్చిపోకండి. దీని ఒళ్లు దాన్ని తయారుచేసుకోలేదు, గాయం మానడానికి కావాల్సిందే అది. బాగున్నప్పుడు కిలోకి 10 నుంచి 30 మి.గ్రా. చాలు, ఇప్పుడు 30 నుంచి 50. మీదానికి రోజుకి 25 మి.గ్రా. చుట్టుపక్కల అవుతుంది, 100 మి.గ్రా. మాత్రలో నాలుగో వంతు పొడి చేసి నీళ్లలో కలిపి సిరంజితో ఇవ్వండి. తాగే నీళ్ల సీసాలో వేయకండి, కొద్ది గంటల్లో పనికిరాకుండా పోతుంది, పైగా రుచి మారితే నీళ్లు తాగడమే మానేస్తుంది. రాళ్లున్న జంతువుకి అది పెద్ద నష్టం.

రాయి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మూత్రం ఎలాగూ క్షార గుణంతోనే ఉంటుంది, అందుకని రాయిని కరిగించే తిండి కోసం వెతకడం వృథా. చేయగలిగింది రెండే: నీళ్లు ఎక్కువగా తాగించడం, లోపలికి పోయే కాల్షియం తగ్గించడం. పెద్దవాటికి కాల్షియం ఎక్కువుండే లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి, లూసర్న్‌తో చేసిన గుళికలు మానేసి టిమోతీ లాంటి గడ్డి పెట్టండి. గుళికలు రోజుకి ఒక పెద్ద చెంచా మించొద్దు. ఆకుకూరలు తడిగా పెడితే నీళ్లు కూడా వెళ్తాయి. మూడు నెలలకోసారి ఎక్స్‌రే.


తోకలేనిది:

698 అంటే మొదట చెప్పిన 720 నుంచి ఇంకో 22 గ్రాములు తగ్గింది, 711 గీత కూడా దాటింది, ఈ మాట డాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి. మత్తు తర్వాత మొదటి రోజు తగ్గడం వింత కాదు. రేపు పొద్దున అదే వేళకి తూచండి. 690 మీద ఉండి పెంటికలు 20 దాటి, డాక్టర్ కూడా సరేనంటే ఇంట్లోనే కొనసాగించండి. 690 కిందికి వెళ్లినా, లేక ఇప్పటి నుంచి 8 గంటల్లో ఒక్క పెంటికా రాకపోయినా సెలైన్ చర్మం కింద ఎక్కించాలి, తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఈ రెండు రోజుల తూకాలు, పెంటికల లెక్క, ఎన్ని మి.లీ. తిన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్తే డాక్టర్‌కి పావుగంట ఆదా అవుతుంది.


గడ్డిమోపు:

నొప్పి మందు 12 గంటల తేడాతో ఇస్తున్నాను, అదే తప్పు. డాక్టర్ 8 గంటలకి మార్చారు. మధ్యాహ్నం డోసు తర్వాత 7 మి.లీ. తీసుకుంది, ఇప్పుడు కొత్తిమీర కాడ ఒకటి నములుతోంది. పెంటికలు 14.